టైపు నాయక్ కొట్టిన కాయితాలు

సత్తుపల్లి కోర్టు ఎదురుగా రేకుల షెడ్లు వరసగా ఉంటాయి. జిరాక్సు, స్టాంపు పేపర్లు, నోటరీ, టీ కొట్టు, మళ్లీ జిరాక్సు. ఆ వరసలో చిట్టచివరి షెడ్డు హేమ్లా నాయక్‌ది. దాని మీద ఒక బోర్డు ఉండేది గానీ ఎండకు రంగు పోయి ఎవరికీ కనపడేది కాదు. "టైపు నాయక్ కాడికి పో" అంటే చాలు, ఊరికి కొత్తవాళ్లు కూడా నేరుగా అక్కడికే వచ్చేవారు.

పెనుబల్లి దాటాక గుట్ట వారన ఉన్న తండా ఆయనది. ఆ తండాలో పదో తరగతి గట్టెక్కిన మొదటి మనిషి. తండ్రి మేకలు కాసేవాడు. కొడుకు కల్లూరు పోయి టైపు నేర్చుకుంటానంటే, అదేం పనో ఆయనకు అర్థం కాలేదు. "కూసోని చేసే పనేనా?" అని మాత్రం అడిగాడట. అవునన్నాక ఒప్పుకున్నాడు. హేమ్లా తెలుగు టైపు లోయరు, హయ్యరు పరీక్షలు రెండూ పాసయ్యాడు. సర్కారు నౌకరీ వస్తుందని తండా అంతా ఎదురుచూసింది. రాలేదు. చివరికి ఒక పాత మిషను కొనుక్కుని కోర్టు ముందు కూర్చున్నాడు.

ఆయన టైపు కొడుతుంటే చూడ్డానికి బాగుండేది. తల వంచేవాడు కాదు. ఎదుటి మనిషి మొహం చూస్తూనే వేళ్లు కదిలించేవాడు. లైను చివర గంట మోగగానే ఎడమచేత్తో లివరు తోసేవాడు. ఆ తోపులో విసురు ఉండేది కాదు, పసిపిల్లను పక్కకు జరిపినట్టు ఉండేది. కొట్టడం అయ్యాక కాగితం చేతికిచ్చి పంపేవాడు కాదు. మొదటినుంచీ చివరిదాకా పైకి చదివి వినిపించేవాడు. చదువు రానివాళ్లయితే రెండుసార్లు. "నువ్వు చెప్పిందేనా ఇది? ఇంకేమన్న మరిచినవా?" అని అడిగేవాడు. అవునన్నాకే వేలిముద్ర.

ఒక విషయంలో మాత్రం మహా పట్టుదల మనిషి. అర్జీ చివర సంతకం చేసే చోటు ఒంటరిగా వేరే కాగితం మీదికి పోకూడదు. రాసిన మాటలు కనీసం నాలుగు లైన్లయినా దానికి పైన ఉండాలి.

"ఉత్త తెల్ల కాయితం మీద ముద్ర ఏసి ఇచ్చినవనుకో, దాని మీద ఎవడేం రాసుకుంటడో నీకెట్ల తెలుస్తది?" అనేవాడు వచ్చినవాళ్లతో.

అందుకని మిషనులో పెట్టే కాగితం వెనక ఒక అట్ట పెట్టి, దాని మీద కింది భాగాన పెన్సిలుతో గీత గీసుకున్నాడు. కొడుతూ కొడుతూ ఆ గీత కనపడగానే ఇంకెన్ని లైన్లు పడతాయో చూసుకునేవాడు. విషయం ఇంకా మిగిలుంటే అక్కడ ఆపి, కొంత తర్వాతి కాగితానికి తీసుకుపోయేవాడు. ఎవరూ నేర్పలేదు. అడవి వైపు నుంచి వచ్చే కోయవాళ్లూ తండాల నుంచి వచ్చే తనవాళ్లూ ఎట్లా మోసపోతున్నారో చూసి చూసి నేర్చుకున్నదది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ప్లీడర్లు మిషను కాగితాలు వద్దనడం మొదలుపెట్టారు. హేమ్లా ఖమ్మం పోయి ఒక పాత కంప్యూటరు, ఒక ప్రింటరు కొని ఆటోలో వేసుకొచ్చాడు. అమ్మినవాడు ఎట్లా వెలిగించాలో, ఎట్లా ఆర్పాలో, ప్రింటు ఎట్లా తీయాలో చూపించాడు. మిగతాది హేమ్లా తనకు తానే పట్టుకున్నాడు. లివరు ఉండాల్సిన చోట ఎంటర్ మీట ఉందని గ్రహించాడు. లైను చివరికి రాగానే ఎంటర్ కొట్టేవాడు. పేరా మొదట జాగా కావాలంటే పొడుగు మీటను టకటకా నొక్కేవాడు. కొత్త పేజీకి పోవాలంటే మిషనులో కాగితం తిప్పినట్టే ఎంటర్ మీద వేలు పెట్టి, తెర మీద కొత్త పేజీ వచ్చిందాకా నొక్కుతూ ఉండేవాడు. సంతకం ఒంటరిగా పోతోందనిపిస్తే అట్లాగే నాలుగు లైన్లను కిందికి తోసేవాడు. ఆయన షెడ్డులో, ఆయన ప్రింటరు మీద అన్నీ చక్కగానే వచ్చేవి. ఏళ్లకేళ్లు అట్లాగే నడిచింది.

హేమ్లాకూ పూలికీ ఒక్కతే కూతురు, కళ్యాణి. చిన్నప్పుడు బడి విడిచాక షెడ్డులో బల్ల కింద కూర్చుని, పాడైపోయిన కార్బన్ కాగితాల మీద బొమ్మలు గీస్తూ పెరిగింది. ఖమ్మంలో డిగ్రీ చదివింది. అక్కడే పోటీ పరీక్షలకు గైడు పుస్తకాలు తయారుచేసే ఒక చోట పనికి కుదిరింది. ఆ పుస్తకాలు రాసేవాళ్లు వేరే ఉంటారు. కళ్యాణి పని పేజీలు సరిచేయడం. ప్రశ్న ఒక పేజీ అడుగున, జవాబులు తర్వాతి పేజీలో పడతాయి. పాఠం పేరు పేజీ చివర ఒక్కటే నిలబడిపోతుంది, పాఠమేమో అవతలికి పోతుంది. పేరాలో ఆఖరి లైను ఒక్కటి తెగి తర్వాతి పేజీ నెత్తిన కూర్చుంటుంది. ఇట్లాంటివన్నీ వెతికి, ఏది దేన్ని విడిచి పోకూడదో కంప్యూటరుకు చెప్పి, మొత్తం పుస్తకాన్ని ఒక దారికి తేవాలి. ఆ పనిలో ఆమెకు మంచి పేరు వచ్చింది.

ఒక ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు తండ్రితో పాటు షెడ్డుకు వెళ్లింది. ఆయన టీకి పోయి వచ్చేలోగా ఆయన ఫైలు ఒకటి తెరిచి, కంటికి కనపడని గుర్తులను చూపించే మీట నొక్కింది. తెరంతా చీమలు పట్టినట్టు నిండిపోయింది. ఎంటర్ నొక్కిన ప్రతిచోటా ఒక గుర్తు. పొడుగు మీట నొక్కిన ప్రతిచోటా ఒక చుక్క.

హేమ్లా వచ్చి చూసి బెదిరిపోయాడు. "ఏందే ఇది? వైరస్సా?"

ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది లంబాడీ. నేను తెలుగులో చెబుతున్నాను. 'బా' అంటే నాన్న.

"కాదు బా. ఇవన్నీ నువ్వు కొట్టినవే. ఇన్ని రోజులూ కనపడలే, అంతే."

"ఇన్నిగనమా!" అని ఆయన పెద్దగా నవ్వాడు. "నా వేళ్లు గింత కష్టపడ్డయని నాకే తెల్వదు."

"ఎంటర్ అంటే కొత్త పేరా అని దానికి అర్థం బా. నువ్వు ప్రతి లైనుకూ పేరా అయిపోయిందంటున్నవ్."

"పేరా అని నేనెక్కడన్న? లైను అయిపోయిందన్న."

"లైను సంగతి అది చూసుకుంటది. నువ్వు చెప్పొద్దు. కొత్త పేజీ కావాల్నంటే కంట్రోల్ పట్టుకోని ఒక్కసారి ఎంటర్ కొట్టు. అట్ల ఒక్క గుర్తు పడుతది. పైన నువ్వెన్ని మార్చుకున్నా కింద పేజీ కదలదు. ఈ రెండు పేరాలు కలిసే ఉండాల్నంటే గిక్కడికి పోయి చెప్పు, అవి ఒకదాన్నొకటి ఇడిసిపెట్టవు."

ఆయన శ్రద్ధగా విన్నాడు. ఆమె ముందర చేసి చూపించాడు కూడా. కానీ మర్నాడు మనిషి వచ్చి "జల్దీ నాయక్, బస్సు పోతది" అని నెత్తిమీద నిలబడితే, చిటికెన వేలు తనంతట తానే ఎంటర్ మీదికి పోయేది. ఆ వేలికి వేరే దారి తెలియదు. ఆ మనిషి పోయాక సరిచేద్దామనుకునేవాడు. ఆ లోపల ఇంకో మనిషి వచ్చేవాడు.

కొంతకాలానికి కాగితాలతో పాటు ఫైళ్లు కూడా పంపడం మొదలైంది. మురళీకృష్ణ అని, హేమ్లాకు ఎక్కువ పని ఇచ్చే ప్లీడరు ఉండేవాడు. నెమ్మదస్తుడు. "నాయక్, నువ్వు పంపిన ఫైలు మా ఆఫీసుల తెరిస్తే పేజీలన్నీ చెదిరిపోతున్నయ్యా. సగం పేజీ ఖాళీ, సగం పేజీ నిండుగా. జరంత చూడు" అని రెండు మూడుసార్లు చెప్పాడు. హేమ్లా తన కంప్యూటరులో తెరిచి చూసేవాడు. అంతా బాగానే ఉండేది. అక్కడ అక్షరాల తీరు వేరు, ప్రింటరు వేరు. ఒక్క లైను పెరిగితే ఆయన తోసిన లైన్లన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతాయి. ఆ సంగతి ఆయన కంటికి కనపడేది కాదు. కనపడని తప్పును ఎట్లా దిద్దుకోవాలో ఆయనకు తెలియలేదు.

ఒక బియ్యం మిల్లు యజమాని ఆస్తి తగాదా పై కోర్టుకు పోవాల్సి వచ్చింది. మురళీకృష్ణ చెబుతుంటే హేమ్లాయే కొట్టాడు. ఫైలు హైదరాబాదులో ఉన్న ఇంకో ప్లీడరుకు పోయింది. ఆయన హడావుడిలో చూడకుండానే దాఖలు చేశాడు. అది తిరిగి వచ్చింది. ఏం కోరుతున్నారో చెప్పే భాగం హెడ్డింగు ఒక పేజీ అడుగున ఉండిపోయింది. కోరికలు అవతలి పేజీలో పడ్డాయి. చివరి సంతకం ఏ మాటా లేని తెల్ల కాగితం మీద ఒక్కటే ఉంది. సరిచేసి మళ్లీ పెట్టమన్నారు, అంతకు మించి నష్టం లేదు. కానీ మిల్లు యజమానికి కోపం వచ్చింది. ప్లీడరును వెంటబెట్టుకుని షెడ్డుకే వచ్చాడు. వెనక ఇద్దరు ముగ్గురు మనుషులు కూడా వచ్చారు. అది మధ్యాహ్నం, కోర్టు భోజనానికి లేచిన వేళ. చుట్టుపక్కల షెడ్లవాళ్లంతా బయటే ఉన్నారు.

కళ్యాణి ఆ వారం సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. తండ్రికి అన్నం తెచ్చి, షెడ్డులో కూర్చుని ఉంది.

"టైపు రాకపోతే రాదని చెప్పాలె. మా పనులు పాడుచేసుడు దేనికి?" అని మిల్లు యజమాని గొంతు లేపాడు.

హేమ్లా లేచి నిలబడ్డాడు. "నేను సక్కగనే కొట్టిన సార్. మీరు చూసిండ్రు గద, ప్రింటు గూడ తీసి..."

"సక్కగ కొడితే గిట్లెందుకైతది?"

ఆయన ఫైలు తెరిచి చూపిద్దామని మౌసు పట్టుకున్నాడు. కళ్యాణికి భయం పట్టుకుంది. మురళీకృష్ణ సారు పని ఆగిపోతే షెడ్డే ఆగిపోతుందని ఆమెకు తెలుసు. ఇది సరిచేయగలిగినదే అని వాళ్లకు చూపించాలి, అదొక్కటే ఆమె ఆలోచన. తండ్రి చేతిలోంచి మౌసు తీసుకుంది. ఫైలు తెరిచి గుర్తులు కనపడే మీట నొక్కింది. తెరంతా మళ్లీ చీమలు.

"సార్, చూడండి. ఇది మీ కంప్యూటర్ తప్పు కాదు, హైదరాబాదు సారు ప్రింటర్ తప్పు కాదు. కొట్టే పద్ధతే తప్పు. ప్రతి లైనుకూ ఎంటరే. పేజీ మారటానికి గూడ ఎంటరే. మా బా కొట్టినయన్నీ గిట్లనే ఉంటయి. ఒక్కటి గూడ సరిగ ఉండదు. నేను చెప్తనే ఉన్న, ఇనడు. మీరు రెండు నిమిషాలు ఆగండి, నేను చేసి ఇస్త."

బయట నిలబడ్డవాళ్లలో ఎవరో నవ్వారు. "టైపు నాయక్‌కే టైపు రాదంట" అన్నారు ఇంకెవరో.

ఆమె వినలేదు. చకచకా చేసుకుపోయింది. అనవసరమైన గుర్తులన్నీ ఒక్క దెబ్బతో తీసేసింది. హెడ్డింగును దాని కింది పేరాకు కట్టేసింది. సంతకాన్ని చివరి పేరాతో కలిపింది. మురళీకృష్ణ తన ఫోనులో తెరిచి చూసుకున్నాడు. పేజీలు కదల్లేదు. మిల్లు యజమాని కోపం దిగిపోయింది.

"అమ్మాయి మస్తు హుషారున్నది నాయక్. ఇక నుంచి నా పనులన్నీ అమ్మాయికే పంపిస్త" అన్నాడు మురళీకృష్ణ. మంచిగానే అన్నాడు.

"అవ్ సార్. సదువుకున్న పిల్ల గద" అన్నాడు హేమ్లా. నవ్వాడు కూడా. "చాయ్ చెప్పొస్త, కూసోండ్రి" అని బయటికి నడిచాడు. చాయ్ వచ్చింది గానీ ఆయన చాలాసేపటిదాకా రాలేదు.

ఆ తర్వాత హేమ్లా మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు.

ఎవరితోనూ తగువు పడలేదు. కళ్లు సరిగా ఆనడం లేదన్నాడు. నడుము నొప్పి అన్నాడు. "ఇగ నా బిడ్డ చూసుకుంటది, నాకంటె బాగ చేస్తది" అని అందరికీ గొప్పగా చెప్పాడు. కళ్యాణి ఖమ్మంలో పని మానేసి షెడ్డుకు వచ్చేసింది. తండ్రికి విశ్రాంతి దొరికిందని సంతోషపడింది కూడా. మొదట కొన్నాళ్లు ఆయన బయట బల్ల మీద కూర్చుని, వచ్చినవాళ్లకు కాగితాలు చదివి వినిపించేవాడు. కానీ మధ్యలో ఆగి "ఇదేందో బిడ్డనే అడుగుండ్రి" అనడం మొదలుపెట్టాడు. తర్వాత చదవడమూ మానేశాడు. ఒకరోజు, పామాయిలు మొక్కలు పెంచే నర్సరీలో కాపలాకు కుదిరానని చెప్పాడు. సైకిలు మీద పొద్దున పోయేవాడు, పొద్దుగూకే వేళకు వచ్చేవాడు.

"ఆ పనేంది బా? నీకేం తక్కువైంది?" అని కళ్యాణి అడిగింది.

"చెట్ల కింద చల్లగుంటది" అన్నాడు.

అసలు సంగతి పూలి చెప్పింది. పూలి మాటకారి కాదు. ఒకరోజు జొన్నరొట్టె చేస్తూ, పెనం మీదినుంచి కళ్లు తిప్పకుండా అంది: "మీ బా మంచం మీద కూసోని తొడ మీద ఏళ్లతోని టైపు కొట్టుకుంటుంటడు. నేను చూస్తే ఆపేస్తడు."

కళ్యాణి చేతిలోని రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేసింది. ఆ మధ్యాహ్నం షెడ్డులో తను అన్న మాటలు ఒక్కొక్కటిగా గుర్తుకొచ్చాయి. అప్పుడు వినపడని ఆ నవ్వు కూడా ఇప్పుడు వినపడింది.

మర్నాడు షెడ్డు మూసి, అన్నం గిన్నె పట్టుకుని నర్సరీకి పోయింది. హేమ్లా నల్ల సంచుల్లో నాటిన మొక్కల మధ్య పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. కూతురిని చూసి లేచి, తన పీట ఆమెకు ఇచ్చాడు. ఆమె కూర్చోలేదు.

"బా, ఆ రోజు నేను గట్ల అనకుండ ఉండాల్సింది. అందరి ముందట. తప్పైంది నాతోని."

"తప్పేముంది బేటీ?" అన్నాడు ఆయన నిదానంగా. "నువ్వన్నది నిజమే గద."

ఆయన కోప్పడితే బాగుండుననుకుంది ఆమె. రెండు దెబ్బలు వేసినా బాగుండును. ఆయన గిన్నె మూత తీసి అన్నం కలుపుకున్నాడు. రెండు ముద్దలు తిన్నాక ఆపి అడిగాడు.

"ఒక ముచ్చట అడుగుత, దాయకుండ చెప్పు. నేను కొట్టినయన్నీ గట్లనే ఉన్నయంటివి. ఒక్కటి గూడ సరిగ లేదంటివి. మరి గా కాయితాలు పట్టుకపోయినోళ్ల సంగతేంది?"

"ఎవరి సంగతి?"

"పగిడయ్య లేడూ? దమ్మపేట అవతల కోయగూడెం ఆయన. పెండ్లాం పేరు ఆదెమ్మ. ఆయన భూమి ఇంకెవడో కలుపుకుంటే నేనే కొట్టిచ్చిన అర్జీ. కంప్యూటర్ల కొట్టిందే. భద్రాచలంల కేసు నడిచింది. ఓడిపోయిండు. పాపం ఇప్పుడు కూలికి పోతుండు. నా కాయితం సక్కగ లేకనే పోయిందేమో ఆయన భూమి."

కళ్యాణి అప్పుడు ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. ఇన్ని నెలలుగా ఈయన నర్సరీలో ఒక్కడే కూర్చుని లెక్కపెట్టుకుంటున్నది ఇదా! తన మాట కాదు, అవమానం కూడా కాదు. ఎవరెవరి కాగితాలు ఎక్కడెక్కడ పాడైపోయాయోనని.

"కాదు బా! నువ్వు ప్రింటు తీసిచ్చినయి మంచిగనే ఉంటయి. ఫైలు పంపితేనే చెదురుతయి. పగిడయ్యకు నువ్విచ్చింది కాయితం, ఫైలు కాదు. కాయితం మీద గుర్తులు ఉండవు."

"నువ్వు చూసినవా ఆ కాయితం?"

చూడలేదు. ఆమె అబద్ధం చెప్పలేకపోయింది.

"నువ్వు మంచి పిల్లవు" అన్నాడు ఆయన. మళ్లీ అన్నం ముద్ద ఎత్తాడు.

తర్వాత ఆమె షెడ్డులో ఆ పాత ఫైలు వెతికి, ప్రింటు తీసుకొచ్చి చూపించింది. సంతకం పైన నాలుగు లైన్లు ఉన్నాయి, అంతా సరిగ్గానే ఉంది. "ఇది ఇయ్యాల తీసింది. అప్పుడెట్ల వచ్చెనో" అన్నాడు. నిజానికి ఆయన అర్జీ కొట్టిన రోజు ఆ కాగితాన్ని పైకి చదివి వినిపించి, ముద్ర వేయించి పంపినవాడే. ఒకప్పుడు తన చేతిని తాను నమ్మిన మనిషి. ఆ నమ్మకం పోయాక, తన కళ్లతో చూసిందాన్ని కూడా నమ్మలేకపోయాడు.

కళ్యాణి మురళీకృష్ణను బతిమాలి నర్సరీకి తీసుకొచ్చింది. ఆయన ప్యాంటు పైకి మడుచుకుని బురదలో నడిచి వచ్చాడు. "నాయక్, నీ టైపు వల్ల ఓడిపోయిన కేసు నా సర్వీసుల ఒక్కటి లేదు. కాయితం తప్పుంటే దిద్దుకొమ్మని ఎనక్కి పంపుతరు గని, భూమి గుంజుకోరు. మళ్ల వచ్చి కూసో, షెడ్డు బోసిపోయింది" అన్నాడు. హేమ్లా చేతులు కట్టుకుని నిలబడి విన్నాడు. "మీరు మంచోళ్లు సార్" అన్నాడు. ఇద్దరూ వెళ్తుంటే గేటు దాకా సాగనంపాడు. వెళ్లి మళ్లీ పీట మీద కూర్చున్నాడు.

పగిడయ్యనే పోయి కలవాలని కళ్యాణికి తోచకపోలేదు. ఆ కాగితం ఉంటే ఆయన దగ్గరే ఉండాలి. కానీ కేసు ఓడిపోయిన మనిషి ముందుకు ఏ మొహం పెట్టుకుని పోవాలి? పోయాక ఆయన "అవ్, మీ నాయన కాయితం వల్లనే పోయింది" అంటే? ఆ భయం ఒకటి. ఆ గూడేనికి బస్సు లేదు, దమ్మపేట నుంచి ఆటో మాట్లాడుకోవాలి. షెడ్డులో పని కూడా ఊపిరాడనిచ్చేది కాదు. వచ్చే వారం, వచ్చే వారం అనుకుంటూనే వానాకాలం వచ్చింది.

ఆ వానల్లోనే హేమ్లా పోయాడు. నర్సరీ నుంచి వస్తూ పెనుబల్లి దగ్గర సైకిలు దిగి, రోడ్డు పక్కన గట్టు మీద కూర్చున్నాడట. అటుగా పోయేవాళ్లు అలసిపోయి కూర్చున్నాడనుకున్నారు. ఎవరో పలకరిస్తే ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించాడు. దవాఖానాకు చేర్చేలోపలే ప్రాణం పోయింది. కళ్యాణి వెళ్లేసరికి ఆయన చేతులు రెండూ పొట్ట మీద పెట్టి ఉన్నాయి. వేళ్లు కొద్దిగా వంగి, ఇంకా మీటల మీద ఉన్నట్టే ఉన్నాయి. నర్సు వాటిని చాపబోతే కళ్యాణి వద్దంది.

దినం నాడు తండాకు చాలామంది వచ్చారు. ఎప్పుడో అర్జీలు కొట్టించుకున్నవాళ్లు, పేరు తెలియనివాళ్లు. బియ్యం మిల్లు యజమాని కూడా వచ్చి కాసేపు కూర్చుని పోయాడు. అందరూ భోజనాలు చేసి వెళ్తున్న వేళ, ఒక ముసలాయన గొడుగు పట్టుకుని, మోకాళ్ల దాకా బురదతో వచ్చాడు. తనను తాను పరిచయం చేసుకున్నాడు. పగిడయ్య.

"నిన్ననే తెలిసింది బిడ్డా. ఆదెమ్మ గూడ వస్తనన్నది. కండ్లు కనపడవు, నేనే వద్దన్న" అన్నాడు.

కళ్యాణి ఆయనకు ఆకు వేసి, ఎదురుగా కూర్చుంది. అడగకుండా ఉండలేకపోయింది.

"పెద్దాయనా, మా బా కొట్టిచ్చిన అర్జీ... ఆ కేసు మీరు ఓడిపోయిండ్రంట గద. కాయితం మంచిగ లేకనేనా?"

ముసలాయన అన్నం మీది చెయ్యి ఆపి ఆమె వైపు చూశాడు. ప్రశ్న అర్థం కానట్టు.

"కాయితమా? కాయితంకేమైంది? భద్రాచలంల కేసు విన్న పెద్దసారు చదివి, మంచిగ రాసిండ్రు అని గూడ అన్నడు. మాకు సాక్ష్యం చెప్పేటోడు రాలే బిడ్డా. పక్క చేను ఆయన. నా తాత దున్నంగ చూసినోడు ఆయనొక్కడే. విచారణ పెట్టిన దినం రమ్మంటె భయపడి చుట్టాల ఊరికి పోయిండు. రెండుసార్లు వాయిదా ఏసిండ్రు, రెండుసార్లూ రాలే. గట్ల పోయింది." నీళ్లు తాగి, "మీ నాయన అర్జీ కొట్టిన దినం రెండుసార్లు చదివి చెప్పిండు. నా ముచ్చట నాకే ఎవరో చెప్తున్నట్టుండె. ఆదెమ్మ ఏడిసింది. గిప్పటికీ చెప్తది" అన్నాడు.

"ఈ మాట మా బాకు ఎప్పుడన్న చెప్పిండ్రా?"

"ఓడిపోయినంక మల్ల ఆయన కాడికి ఏ ముఖంతోని పోను బిడ్డా? అంత మంచిగ రాసిచ్చె. నా తరపున ఒక మనిషిని తెచ్చుకోలేకపోతిని. సిగ్గై పోలే."

ఆయన తినడం అయ్యాక కళ్యాణి స్కూటీ మీద ఎక్కించుకుని సత్తుపల్లి బస్టాండుకు తీసుకుపోయింది. దారంతా ఆయన వెనక కూర్చుని వానల గురించి, ఈ ఏడు పత్తి ఎట్లా మునిగిందో దాని గురించి చెబుతూనే ఉన్నాడు. ఆమె ఊ కొడుతూ నడిపింది. దమ్మపేట బస్సు ఎక్కించి, కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టింది. బస్సు కదిలిందాకా నిలబడింది.

తిరిగి వచ్చేసరికి ఇంట్లో అందరూ వెళ్లిపోయారు. పూలి వాకిట్లో ఎంగిలాకులు ఏరి తట్టలో వేస్తోంది.

"ఆ పెద్దాయన ఏమన్నడు?" అని అడిగింది.

కళ్యాణి చెప్పింది. ముందూ వెనకా చూసుకోకుండా, విన్నది విన్నట్టు మొత్తం చెప్పింది. కాగితం బాగానే ఉందని, పెద్దసారు మెచ్చుకున్నాడని, సాక్షి రాలేదని, ఆయన సిగ్గుపడి రాలేదని. తను భయపడి పోలేదన్నది కూడా చెప్పింది.

పూలి తట్ట కింద పెట్టింది. భర్త పోయిన నాటినుంచీ ఆమె కంట నీరు చూసినవాళ్లు లేరు. బంధువులు ఏడవమన్నా ఏడవలేదు, పని చేసుకుంటూ తిరిగింది.

"ఆయన నెల ముందు వచ్చి ఉంటే" అంది. "ఒక్క నెల."

తడి నేల మీద అట్లాగే చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చింది. కళ్యాణి పక్కన కూర్చుని తల్లి వీపు మీద చెయ్యి వేసింది. వాన మళ్లీ మొదలైంది. ఇద్దరూ లోపలికి పోలేదు.